జిప్సం పార్టిషన్‌కు బరువైన కప్‌బోర్డ్ బిగించడం ఎలా?

ముందు గోడను తట్టి చూడండి. మన హైదరాబాద్ ఫ్లాట్లలో జిప్సం గోడ అంటే రెండు రకాలు. ఇటుక గోడ మీద జిప్సం ప్లాస్టర్ పూసినదైతే చప్పుడు గట్టిగా వస్తుంది. అక్కడ ప్లాస్టర్ మందం దాటి ఇటుకలోకి దిగే గిట్టీలు, పొడవు స్క్రూలు వేస్తే పనైపోతుంది. ఇనుప ఛానళ్ళకు బోర్డు కొట్టిన పార్టిషన్ అయితే డప్పులా మోగుతుంది. తిప్పలన్నీ దీనితోనే.

మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అడుగు లోతున్న 18 మి.మీ. ప్లైవుడ్ కప్‌బోర్డ్ ఖాళీగానే పాతిక కిలోల దాకా ఉంటుంది. పప్పుల డబ్బాలు, పచ్చడి జాడీలు సర్దితే 60 దాటుతుంది. ఆ బరువు గోడకు అరడుగు ముందుకు వేలాడుతుంది కాబట్టి పై స్క్రూలను కిందికి లాగడమే కాదు, బయటికీ పీకుతుంది. 12.5 మి.మీ. బోర్డు అంటే రెండు అట్టల మధ్య సుద్ద. తలుపు తీసి వేసిన ప్రతిసారీ గిట్టీ చుట్టూ పొడి రాలి, బెజ్జం పెద్దదవుతుంది. అందుకే బరువు బోర్డుకు కాదు, పనివాళ్ళు స్టడ్ అనే నిలువు ఛానళ్ళకు చేరాలి.

ఇవి సాధారణంగా రెండడుగులకు ఒకటి ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరుపుతూ పోతే లోపలి స్క్రూల దగ్గర అతుక్కుంటుంది. అలాంటి చోట్లు నిలువుగా ఒకే వరుసలో వస్తే అదే స్టడ్. కప్‌బోర్డ్ వెనక దాగే చోట 3 మి.మీ. బిట్‌తో డ్రిల్ చేసి చూడండి. తెల్ల పొడి తర్వాత మెరిసే ఇనుప రజను రావాలి. ఆ గోడకు కరెంటు ఇచ్చే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపే ఈ పని మొదలుపెట్టండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైర్లు చాలావరకు అటే వెళ్తాయి.

కప్‌బోర్డ్ పై అంచు వచ్చే చోట 8 అంగుళాల ఎత్తు, 4 అడుగుల పొడవున బోర్డును కోసి తీసేయండి. రెండు చివరలూ స్టడ్ నడిమికి రావాలి. మధ్యదానితో కలిపి మూడు స్టడ్‌లు దొరుకుతాయి. మిషన్ కట్టర్ వద్దు, చేతిరంపమే మేలు: బ్లేడు లోతుకు పోతే వైరు తెగుతుంది. ఆ ఖాళీలో 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (తేమను తట్టుకునే) ప్లైవుడ్ పెడితే గోడకు దాదాపు సమంగా కూర్చుంటుంది. ఒక్కో స్టడ్‌కు నాలుగు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (రేకును తామే తొలుచుకునేవి) వేయండి. ప్లైలో ముందే కాస్త వదులు బెజ్జం చేయకపోతే స్క్రూ ప్లైని పట్టుకుని ఛానల్‌కు దూరంగా నెడుతుంది. చివరి చుట్లు చేత్తో తిప్పండి, ఛానల్ రేకు పలచన, మర చటుక్కున పోతుంది.

ఇక తగిలించడానికి 18 మి.మీ. ప్లై పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుగా రెండుగా కోయించండి. గోడ పట్టీ వాలు పైకి, గోడవైపు దిగేలా ఉండాలి; కప్‌బోర్డ్ పట్టీ వాలు కిందికి ఉండి దాని మీద కొక్కెంలా కూర్చోవాలి. ఒకటి రసమట్టంతో చూసి గోడ ప్లైకి ఆరంగుళాలకో స్క్రూ చొప్పున బిగించాలి. స్టడ్‌ల దగ్గర మాత్రం ఛానల్ దాటే 50 మి.మీ. స్క్రూలు. రెండోది కప్‌బోర్డ్ వెనక, పై పలకకూ పక్క పలకలకూ జిగురుతో, స్క్రూలతో పట్టించాలి. పలచటి వెనక షీటుకు బిగిస్తే అదే చీలిపోతుంది. వెనక షీటును 18 మి.మీ. లోపలికి పెట్టమని వడ్రంగికి ముందే చెప్పండి, అప్పుడు పట్టీ దాగి, పక్క పలకలు గోడకు ఆనుతాయి. ఇద్దరు ఎత్తి తగిలించాక అడుగున జరగకుండా ఒకటి రెండు స్క్రూలు చాలు. అక్కడ కప్‌బోర్డ్ గోడను నెడుతుందే కానీ లాగదు.

బోర్డుకు వాడే నల్ల స్క్రూలు మిగిలాయని వాటితో మాత్రం ఏదీ వేలాడదీయొద్దు. పెళుసువి, బరువు పడితే తల తెగుతుంది.

పై అంచున గోడ మీద పెన్సిల్ గీత గీసి, లోపల రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒక రాత్రి ఉంచండి. తెల్లారి గీత దగ్గర సందు కనిపిస్తే దించి మళ్ళీ బిగించాల్సిందే. వంద కిలోలు దాటే సరుకు పెట్టే ఆలోచన ఉంటే పక్క పలకలను వంట గట్టు దాకా దించి దాని మీద నిలబెట్టండి. చూడ్డానికి అంత బాగుండదు గానీ బరువు రాతి మీద పడుతుంది, గోడకు ఆనించి పట్టుకునే పనే మిగులుతుంది.