ముసురు పట్టకముందే ఆకు తిప్పి చూడండి

అక్టోబర్ మధ్యకొస్తే మన తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, ముసురు పట్టిందంటే మిద్దె మీద కుండీలు రోజుల తరబడి తడిగానే ఉంటాయి. సబ్జా, కొత్తిమీర, పుదీనా వేసుకున్నవాళ్ళు ఈలోపే ఒకటి తెలుసుకోండి: బూజు తెగులు వేరు, బూడిద తెగులు వేరు.

పోయినేడు ఈ తేడా తెలియకే నేను దెబ్బతిన్నాను. సబ్జా ఆకులు ఈనెల (నరాల) మధ్య పసుపుబారుతుంటే బలం చాలట్లేదేమో అనుకుని ఎరువు వేశాను. తగ్గలేదు. ఓ మందుల కొట్లో అడిగితే గంధకం పొడి ఇచ్చారు, అది చల్లి మరో వారం కూర్చున్నాను. గంధకం పనిచేసేది బూడిద తెగులు మీద. నా మొక్కలకు వచ్చింది బూజు. తొట్టి మొత్తం పీకేశాను.

బూడిద తెగులైతే ఆకు పైన విభూతి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, వేలితో రుద్దితే అంటుకుంటుంది. బూజు తెగులైతే పైన ఈనెల మధ్య పసుపు మచ్చలే కనిపిస్తాయి, అసలు గుట్టు ఆకు అడుగున ఊదా కలిసిన బూడిద రంగు నూగులో ఉంటుంది. బూజును వ్యాపింపజేసే బీజాలు (స్పోర్లు) పుట్టేది రాత్రి చీకట్లో, తేమలో. అందుకే ఎండ రాకముందే, పొద్దున్నే ఫోన్ లైటు వేసి చూడాలి, మధ్యాహ్నానికి అది ఉత్త మట్టి మరకలా అనిపిస్తుంది. అనుమానమైతే ఆకును తడి టిష్యూతో కవర్లో పెట్టి రాత్రంతా చీకట్లో ఉంచండి (ఫ్రిజ్‌లో కాదు), బూజైతే తెల్లారేసరికి నూగు లేస్తుంది.

ఇక ఏ జాతి బూజు అన్నది కంటితో తేలదు, సోకిన మొక్కను బట్టి, డీఎన్ఏ పరీక్షతో తేలుస్తారు. సబ్జా మీద వచ్చేది పెరోనోస్పోరా బెల్బాహ్రీ. దానికి ఈ పేరు పెట్టింది 2009లో, అంతకుముందు పెరోనోస్పోరా లామీ అనే వేరే జాతి అనుకునేవారు. ఇసబ్‌గోల్ మొక్క మీదది మళ్ళీ వేరే జాతి, పెరోనోస్పోరా ప్లాంటాజినిస్. కాబట్టి సబ్జాకి వచ్చిందని పక్కనున్న కొత్తిమీర కూడా పోతుందని టెన్షన్ పడక్కర్లేదు. ఇంకో మాట, ఈ బూజులు అసలైన శిలీంధ్రాలు కావు, నాచుల చుట్టాలు, అందుకే కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రాల మందులు కొట్టినా దండగే. అయినా రోజూ కోసుకు తినే ఆకు మీద మందు కొట్టడం నాకైతే నచ్చదు.

కుండీలు ఎడంగా పెట్టండి, సాయంత్రం నీళ్ళు మానేసి పొద్దున పూట మొక్క మొదట్లో మాత్రమే పోయండి. ఇది విత్తనంతో కూడా వస్తుంది, నిరుడు తెగులొచ్చిన మొక్క గింజలు మళ్ళీ చల్లకండి. అడుగున నూగు కనిపించిందా, మొక్కను ఊపకుండా పైనుంచి కవరు తొడిగి, మూతి బిగించి, అప్పుడు పీకండి. ఊపారంటే బీజాలు పక్క సబ్జా మీదికే పోతాయి. ఆ కవరు కంపోస్టు డబ్బాలోకి కాదు, చెత్తబండికి.