రీఫ్ ట్యాంక్‌కు ఉప్పు ఎలా ఎంచుకోవాలి?

వరంగల్‌లో రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే సముద్రపు అక్వేరియం) పెట్టాలంటే సముద్రపు నీళ్లను ఇంట్లోనే కలుపుకోవాలి. కిరాణా కొట్లో దొరికే దొడ్డుప్పు దీనికి పనికిరాదు. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడాలు బతకడానికి కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లంగా మారకుండా అడ్డుకునే గుణం) కూడా సరైన పాళ్లలో ఉండాలి. అందుకే సముద్రపు అక్వేరియం కోసం తయారైన ఉప్పే కొనాలి. ఏ కంపెనీది కొనాలా అని చాలామంది టెన్షన్ పడతారు కానీ, ముందు చూడాల్సింది డబ్బా మీద ఉన్న ఆల్కలినిటీ అంకె.

1. నీళ్ల సంగతి తేల్చుకోండి

మన బోరు నీళ్లు పట్టిన బకెట్ అంచున తెల్లటి చార పడుతుంది కదా, అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల గుర్తు. ఆ నీళ్లలో ఎంత మంచి ఉప్పు కలిపినా డబ్బా మీది లెక్కలు కుదరవు. భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వంటింటి ఆర్‌ఓ నీళ్లు సరిపోతాయి అనుకోవద్దు. తాగడానికి రుచిగా ఉండాలని చాలా మెషిన్లు కొంత టీడీఎస్‌ను (నీళ్లలో కరిగిన లవణాలను) అలాగే ఉంచుతాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ ఫిల్టర్ పెట్టి, మీటర్‌లో టీడీఎస్ సున్నా వచ్చాకే ఉప్పు గురించి ఆలోచించండి.

2. ట్యాంక్‌లో ఏముందో చూడండి

జోయాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి పగడాలు, చేపలు మాత్రమే ఉంటే మామూలు రీఫ్ ఉప్పు చాలు, ఖరీదైనది అక్కర్లేదు. గట్టి పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం, ఆల్కలినిటీ బాగా వాడుకుంటాయి, కాబట్టి అవి ఉంటే ఉప్పులో ఈ రెండు అంకెలు చూసుకోవాలి. మన సముద్రాల్లోని గట్టి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా తక్కువ ధరకు తెచ్చిస్తామన్నా దయచేసి కొనకండి.

3. ఆల్కలినిటీ సరిపోల్చండి

అసలు సముద్రంలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్), కాల్షియం లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 దగ్గర ఉంటాయి. ఉప్పుల్లో మాత్రం ఆల్కలినిటీ రకరకాలుగా ఉంటుంది. ఒక్క రెడ్ సీ కంపెనీలోనే మామూలు ఉప్పు 8 దగ్గర ఉంటే, కోరల్ ప్రో 12 దగ్గర ఉంటుంది.

మీ ట్యాంక్ 8 దగ్గర నడుస్తోందనుకుందాం. 12 ఉన్న నీళ్లతో పది శాతం మారిస్తే 8.4 అవుతుంది, పెద్ద తేడా కాదు. సగం నీళ్లు మారిస్తే ఒక్కసారిగా 10కి చేరుతుంది. ఆ కుదుపును పగడాలు తట్టుకోలేవు. ముఖ్యంగా నైట్రేట్, ఫాస్ఫేట్ బాగా తక్కువున్న ట్యాంక్‌లో ఆల్కలినిటీ పెరిగితే కొమ్మల పగడాల కొనలు తెల్లబడి చచ్చిపోతాయి. టెస్ట్ కిట్‌తో మీ ట్యాంక్ అంకె తెలుసుకుని దానికి దగ్గరగా ఉన్న ఉప్పే తీసుకోండి.

4. ఎంత కొనాలో లెక్కేయండి

లీటరుకు సుమారు 38 గ్రాములు పడుతుంది. 100 లీటర్ల ట్యాంక్‌లో వారానికి 10 లీటర్లు మారిస్తే నెలకు కిలోన్నర చాలు. చవకగా వస్తుందని 20 కిలోల బకెట్ తెస్తే ఏడాది దాటినా అవ్వదు, వానాకాలం తేమకు గడ్డ కడుతుంది. చిన్న ప్యాక్ కొని, గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి.

5. కలిపి పరీక్షించండి

బకెట్‌లో నీళ్లు పోసి, చిన్న పంపు తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం విరిగి తెల్లటి పొడిలా అడుక్కి దిగుతుంది, అది మళ్లీ కరగదు. ఎంతసేపు తిప్పాలో డబ్బా మీద రాసి ఉంటుంది. తర్వాత ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు), అంటే 25 డిగ్రీల దగ్గర 1.026 సాపేక్ష సాంద్రత రావాలి. ఆ మీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూసుకోండి. ఈ నీళ్లలో ఆల్కలినిటీ కూడా కొలవండి. డబ్బా మీది అంకెకు బాగా తేడా వస్తే, డబ్బాను దొర్లించి ఉప్పంతా కలియబెట్టి, మళ్లీ కొంచెం కలిపి చూడండి.

కుదిరిన ఉప్పును మార్చకండి. తప్పనిసరైతే పాతదాన్లో కొత్తది కలుపుతూ కొన్ని వారాల్లో మార్చండి. మే నెల ఎండలకు ట్యాంక్ నీళ్లు రోజూ తగ్గుతుంటాయి, ఉప్పు మాత్రం అందులోనే ఉంటుంది. ఆ తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పు కలపని డీఐ నీళ్లే.