దెగ్లూర్ వైపు బీడు భూమి తీసుకున్నవాళ్లకు: మోవర్ దించేముందు

మద్నూరు దాటి మహారాష్ట్రలోకి రాగానే దుకాణాల బోర్డులు మరాఠీలోకి మారిపోతాయి. మట్టి మాత్రం మారదు, అదే నల్లరేగడి. 1956 దాకా రెండు వైపులా ఒకటే హైదరాబాద్ రాష్ట్రం కాబట్టి దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్‌లలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు ఇదీ మన ఊరే కదా అనుకుని మొదటి నెలలోనే పొలంలోకి ట్రాక్టర్ దించేస్తారు. నేనూ అలాగే దించాను. ఏమైందో కింద చెబుతాను.

ఇది ముఖ్యంగా గేదెలకో, మేకలకో, మామిడి తోటకో నాలుగైదేళ్లుగా దున్నని బీడు తీసుకుని, దాన్ని మేత భూమిగా మార్చాలనుకునేవాళ్ల కోసం. ఇలాంటివాళ్లలో ఈమధ్య ఫినిష్ మోవర్, అంటే ట్రాక్టర్ వెనక తగిలించి పచ్చికను సమంగా కోసే మిషన్, దాని మోజు బాగా కనిపిస్తోంది. అమెరికాలో ఉన్న బావమరిది వీడియో పంపుతాడు. ట్రాక్టర్ అలా పోతుంటే వెనక తివాచీ పరిచినట్టు పచ్చిక. మా ఇంట్లో జరిగింది అదే. హైదరాబాద్‌లో ఓ క్లబ్బువాళ్లు పాతది అమ్ముతుంటే ఎగబడి కొన్నాం.

మిషన్ మంచిదే. తప్పు దానిది కాదు. దాని డెక్కు, అంటే పైనున్న ఇనుప మూత, కింద మూడు బ్లేడ్లుంటాయి, ఒక్కోటి ఒక్కో స్పిండిల్‌కు, అంటే తిరిగే ఇరుసుకు, బోల్టుతో బిగించి ఉంటుంది. పీటీఓ, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టు, నుంచి గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి బెల్టు మీద మూడింటికీ తిరుగుడు అందుతుంది. నాలుగు చిన్న చక్రాల మీద నేలను అంటిపెట్టుకుని నడుస్తుంది. అంటే చదునైన నేల, జానెడుకు మించని గడ్డి, వారం పది రోజులకోసారి కోత ఉన్నచోట వాడాల్సిన సామాను అది. మోకాలెత్తు గడ్డిలోకి తోస్తే డెక్కు ముందు అంచు గడ్డిని వంచేసి దాని మీదుగా వెళ్లిపోతుంది, సగం తెగదు. తెగింది లోపల ముద్ద కడుతుంది, బెల్టు జారుతుంది, రబ్బరు కాలిన వాసన వస్తుంది. జడలు కట్టిన తలలో దువ్వెన పెడితే ఏమవుతుంది? పళ్లు ఊడతాయి.

బీడుకు ముందు కావాల్సింది రోటరీ స్లాషర్. దానికి బరువైన బ్లేడ్లు పిన్ను మీద వేలాడుతూ తిరుగుతాయి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. చాలావాటికి షియర్ బోల్టు కూడా ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే అది తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. పత్తి కట్టె, చెరకు ఆకు ముక్కలు చేసే మల్చర్ దొరికినా పని జరుగుతుంది. రెండూ కొనక్కర్లేదు, గంటల లెక్కన కిరాయికి తెచ్చుకుంటే చాలు.

ఇక నా కథ. దసరా వెళ్లిన రెండో రోజు, ఉత్తరపు గట్టు పక్కన మొదలుపెట్టాను. గడ్డి నా తొడ దాకా ఉంది. మూడో సాలు తిరిగానో లేదో ఠంగుమని ఒక్క మోత, ఆ వెంటనే డెక్కు మొత్తం వణకడం మొదలైంది. దిగి చూస్తే మధ్య బ్లేడు వేలెడంత వంగింది, స్పిండిల్ పక్కకు ఒరిగింది. గడ్డి పాయ తీసి చూస్తే కింద హద్దురాయి. బెత్తెడు ఎత్తు కూడా లేదు, నెత్తి మీద సున్నం పూత ఇంకా కొద్దిగా మిగిలి ఉంది. దెబ్బకు అది మా వైపు వాలింది. పక్క పొలం కాకా అప్పటికే గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. మిషన్ వైపు చూడనేలేదు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి "దగడ్ హల్లా" అన్నాడు, రాయి కదిలింది అని. అంతే, ఇంకొక్క మాట మాట్లాడలేదు. స్పిండిల్ రెండు వారాల్లో బాగైంది. మోజణీకి, అంటే సర్కారు భూమి కొలతకు, డబ్బు కట్టి, కొలత జరిగి, ఆయన మళ్లీ నాతో పలకడానికి ఎండాకాలం వచ్చింది. హద్దురాయి కదపడం చట్టం దృష్టిలో కూడా నేరమే. నేను కావాలని కదపలేదని ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి బతికిపోయాను.

అందుకని మొదటి పని కాగితం పట్టుకుని నడవడం. సాత్‌బారా ఉతారా, అంటే ఇక్కడి భూమి రికార్డు నకలు, మీ చేతికి వచ్చే ఉంటుంది. అందులో విస్తీర్ణం హెక్టారు, ఆర్‌లలో ఉంటుంది. మన ఎకరానికి 40 గుంటలు, ఒక గుంట దాదాపు ఒక ఆర్ అనుకుంటే లెక్క సులువు. అందులోనే పోట్‌ఖరాబ్ అని ఒక అంకె ఉంటుంది చూడండి. సాగుకు పనికిరాదని రాసిన భాగం అది: రాతి గుట్ట, వాగు గండి లాంటివి. ఆ భాగం పొలంలో ఎక్కడుందో కాగితం చెప్పదు. పాత పాలేరునో, పక్క రైతునో అడిగి, కాలితో నడిచి చూసుకోవాలి. కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ప్రతి హద్దురాయి దగ్గర, ప్రతి పుట్ట దగ్గర, పాత బోరు కేసింగు దగ్గర పాతండి. ఒరలేని పాత బావి ఉంటే దాని చుట్టూ పది అడుగులు వదిలేసి తాడు కట్టండి. కంచె తీగ ముక్కలు ఏరేయండి. తీగ స్పిండిల్‌కు చుట్టుకుంటే సీలు పోతుంది, సీలు పోతే బేరింగు పోతుంది.

పక్కన గాయరాన్ ఉంటే ఇంకో జాగ్రత్త. అది ఊరి పశువుల మేతకు వదిలిన ఉమ్మడి నేల. ఎలాగూ మిషన్ వచ్చింది కదా అని రెండు సాళ్లు అటు కూడా కొట్టి శుభ్రం చేద్దామని మంచి మనసుతోనే అనుకుంటారు. వద్దు. ఊళ్లోవాళ్లు కబ్జాకు మొదటి అడుగు అనుకుంటారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు.

రెండోది గడ్డి సంగతి. ఇది కొత్తవాళ్లకు అస్సలు తట్టదు. మీకు అడ్డంగా కనిపించే గడ్డి ఇక్కడివాళ్లకు చారా, అంటే మేత. మరాఠ్వాడాలో కరువు సంవత్సరాల్లో పశువుల కోసం చారా ఛావణీలు, అంటే మేత శిబిరాలు, పెట్టిన రోజులు జనం మరిచిపోలేదు. నిలువెత్తు గడ్డిని మిషన్‌తో పొడి చేసి నేల మీద పరిస్తే, చూసేవాళ్లకు అన్నం పారబోసినట్టు ఉంటుంది. మోవర్, స్లాషర్, మల్చర్ ఏదైనా గడ్డిని ముక్కలు చేసి వదిలేస్తుంది, మోపు కట్టడానికి రాదు. కాబట్టి మిషన్ తేవడానికి పదిహేను రోజుల ముందే చుట్టుపక్కల చెప్పండి: "గవత్ కాపూన్ న్యా". కోసుకుని తీసుకెళ్లండి అని. కొడవళ్లతో వస్తారు, మోపులు కట్టుకుంటారు, మీ రాళ్లు ఎక్కడున్నాయో వాళ్లే చూపిస్తారు. మీ పనిలో సగం ఖర్చు లేకుండా అయిపోతుంది. గొర్రెలు తోలుకొచ్చే ధన్‌గర్లు ఆ దారిన వస్తే రెండు రాత్రులు మంద కట్టించుకోండి. గడ్డి తగ్గుతుంది, ఎరువూ పడుతుంది.

అయితే ఏ గడ్డి ఉంచాలో, ఏది పోవాలో తెలియాలి. గరికను ఇక్కడ హరళీ అంటారు, అది మేతకు మంచిది. కుసళీ అని ఒకటుంది, ముదిరితే దాని ముళ్ల గింజలు గొర్రె బొచ్చులోకి, మన పంట్లాంలోకి దిగుతాయి. గింజ గట్టిపడకముందే కోయించాలి. వయ్యారిభామకు ఇక్కడి పేరు గాజర్ గవత్. దాన్ని పూత రాకముందే తీయాలి, మిషన్‌తో కొడితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకడమే మందు. ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు ఆ పని పెట్టుకోకండి. సర్కారు తుమ్మ మొక్కలు బొటనవేలి లావు దాటితే గొడ్డలితో కొట్టించి, ముళ్ల కంప ఏరించాకే ట్రాక్టర్ రావాలి. పంక్చర్ షాపువాడు మీకు దగ్గరి చుట్టం కాకూడదు కదా.

పని మొదలుపెట్టే రోజు నేల పదును చూడండి. వానాకాలం రేగడిలో ట్రాక్టర్ దిగితే మిషన్ సంగతి తర్వాత, ట్రాక్టర్ బయటికి లాగడానికే ఇంకో ట్రాక్టర్ కావాలి. వాళ్లు వాఫ్సా అనేది మన పదునే. ఆ మాట రైతు నోట విన్నాక దించండి. ఏప్రిల్, మే నెలల్లో ఇంకో తంటా: నెర్రెలు. మోవర్ చిన్న చక్రం నెర్రెలో పడితే డెక్కు నేలను గీరుకుంటూ పోతుంది. పైగా ఎండుగడ్డిలో బ్లేడు రాయికి తగిలితే నిప్పురవ్వ చాలు. నా లెక్కలో అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా సరైన కాలం. అప్పటికి మంచి గడ్డి గింజ కూడా రాలి ఉంటుంది.

మొదటి కోత స్లాషర్‌తో, ఎత్తుగా, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మీద. పూర్తి వెడల్పు వేయకండి, సగం గడ్డిలో, సగం కోసిన చోట నడపండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే ఇంజన్ ఎంత తిరగాలో మీటరు మీద గుర్తు ఉంటుంది, అక్కడే ఉంచి చిన్న గేరులో మెల్లగా పోవాలి. ఇంజన్ గుంజుతోందని రేసు తగ్గించేవాళ్లున్నారు. అప్పుడు బ్లేడు కోయదు, పీకుతుంది. గేరు తగ్గించండి, రేసు కాదు. వారం పది రోజులు ఆగి, పడ్డ గడ్డి ఎండాక రెండో కోత నాలుగంగుళాలకు. నేల కనిపిస్తుంది, మిగిలిన రాళ్లు బయటపడతాయి, పాత సాళ్ల గట్లు తెలుస్తాయి. గుంటలు పూడ్చి, ఎత్తులు చదును చేయించండి. ఫినిష్ మోవర్ వంతు అప్పుడు వస్తుంది, అదీ మళ్లీ చిగురేశాక. మూడంగుళాల కంటే కిందికి దించకండి, ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి. వేరు బలం పోతే వచ్చే ఏడు ఆ ఖాళీలో వయ్యారిభామే మొలుస్తుంది.

మనుషుల జాగ్రత్త రెండు ముక్కల్లో చెబుతాను, ఇందులో మాత్రం మొహమాటం వద్దు. పీటీఓ షాఫ్టు మీద తొడుగు లేకుండా మిషన్ కదలకూడదు. తువ్వాలు, లుంగీ, పంచె చెంగు అన్నీ గట్టు మీదే. బ్లేడు కింద నుంచి రాయి లేస్తే చాలా దూరం పోతుంది కాబట్టి వంద మీటర్లలో పిల్లలు గానీ మేకలు గానీ ఉండకూడదు. ఊళ్లో కొత్త మిషన్ అంటే పిల్లలు పరుగెత్తుకొస్తారు. పీటీఓ ఆపాక కూడా బ్లేడ్లు కాసేపు తిరుగుతాయి, పూర్తిగా ఆగాకే దిగండి. డెక్కు కింద చేయి పెట్టాల్సి వస్తే హైడ్రాలిక్‌ను నమ్మకండి, దిమ్మెలు పెట్టి ఇంజన్ తాళం జేబులో వేసుకోండి. రక్తపింజరను వాళ్లు ఘోణస్ అంటారు. ఆ మాట వింటే గడ్డిలో కాలు పెట్టొద్దు. కాటు పడితే 108కి ఫోన్, నాటు వైద్యం పేరుతో ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు.

డ్రైవర్ మరాఠీవాడైతే నాలుగు మాటలు ముందే నేర్చుకోండి. థాంబా అంటే ఆగండి, దగడ్ రాయి, విహీర్ బావి, బాంధ్ గట్టు. ఈ చివరిది నాకు బాగా గుర్తు. ఒకసారి ట్రాక్టర్ గట్టు మీదికి పోతోందని "గట్టు, గట్టు" అని అరిచాను. మరాఠీలో ఘట్ట్ అంటే బిగుతు. కుర్రాడు ట్రాక్టర్ ఆపి, దిగి, బుద్ధిగా మిషన్‌ను ట్రాక్టర్‌కు పైనుంచి పట్టి ఉంచే టాప్ లింక్ బిగించాడు. ఏమైతేనేం, ఆగాడు. వయసులో పెద్దవాళ్లను కాకా అనో మామా అనో, మీ ఈడువాళ్లను భావూ అనో పిలవండి.

ఇంకొకటి, మోవర్ బెల్టు దెగ్లూర్ బజారులో అడిగితే తెల్లమొహం వేస్తారు, హైదరాబాద్ నుంచో నాందేడ్ నుంచో తెప్పించుకోవాలి. కొన్న రోజే బెల్టు మీది నంబరు, బ్లేడు కొలత ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగు నెలలు వాడితే ఆ నంబరు చెరిగిపోతుంది.