బందెలదొడ్డిలో ఉన్న పశువును విడిపించుకునే దరఖాస్తు విధానం

పొద్దు వాలినా ఆవు ఇల్లు చేరలేదంటే చుట్టుపక్కల చేలు, చెరువుగట్టు వెతికి, ఆ వెంటనే బందెలదొడ్డికి, అంటే చేలో పడ్డ పశువులను తోలి ఉంచే దొడ్డికి, వెళ్లండి. తెల్లారి చూద్దాంలే అని ఆగకండి. దొడ్డిలో ఉన్న ప్రతి రోజుకూ మేత, నీళ్ల ఖర్చు మీ లెక్కలో పడుతుంది. పాడి పశువైతే ఇంటి దగ్గర దూడ అరుస్తుంటుంది, అక్కడ తల్లి పొదుగు సలుపుతుంటుంది. డబ్బు కంటే నాకు ఆ బాధే పెద్దదనిపిస్తుంది.

ఆంధ్ర ప్రాంత పల్లెల్లో బందెలదొడ్లకు ఆధారం 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం. చేలో పడి పైరు మేసిన పశువును ఆ రైతు పట్టుకోవచ్చు. రోడ్డు, కాలువగట్టు పాడుచేస్తున్న పశువును వాటి బాధ్యత చూసేవారు గానీ, పోలీసులు గానీ పట్టుకోవచ్చు. ఎవరు పట్టుకున్నా 24 గంటల్లోగా దొడ్డికి తోలాల్సిందే. తన పాకలో కట్టేసుకుని ‘నష్టం కట్టి తీసుకుపో’ అనే హక్కు ఆ రైతుకు లేదు. ఆవులు, గేదెలే కాదు, మేకలు, గొర్రెలు, గాడిదలు, గుర్రాలు, పందులు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. కుక్కల సంగతి వేరు, వాటికి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలున్నాయి.

దొడ్డికి వెళ్లగానే రిజిస్టరు చూపించమని అడగండి. పశువులెన్ని, వాటి ఆనవాళ్లేమిటి, ఏ రోజు ఏ గంటకు వచ్చాయి, తోలుకొచ్చిందెవరు అన్నవి అందులో రాసి ఉండాలి. మీ పశువు వచ్చిన తేదీ, గంట ఒక కాగితం మీద రాసుకోండి. మేత ఖర్చు లెక్క తేడా వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే. బందె, అంటే పశువును విడిపించుకోవడానికి కట్టే జరిమానా, ఎంతో, మేతకు రోజుకెంతో తెలిపే పట్టిక దొడ్డి దగ్గర అందరికీ కనబడేలా అంటించి ఉండాలి. నోటిమాటగా చెప్పిన మొత్తం కాకుండా పట్టికలో ఉన్నదే కట్టండి.

పశువు మీదేనని చూపడానికి అన్నిటికంటే గట్టి ఆధారం చెవిపోగు (ఇయర్ ట్యాగ్) మీది 12 అంకెల నంబరు. పోగు వేయించినప్పుడే ఆ నంబరు ఇంట్లో రాసిపెట్టుకోవాలి. పోగు లేకపోతే కొమ్ముల తీరు, సుడి, మచ్చలు, మెడలో పలుపు, ముకుతాడు చెప్పాలి. ఫోన్‌లో పాత ఫొటో ఒక్కటున్నా సగం పని అయినట్టే. ఆధార్ కార్డు నకలు కూడా వెంట ఉంచుకోండి.

దరఖాస్తు తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

‘బందెలదొడ్డి నిర్వాహకులు గారికి,
అయ్యా, ఫలానా గ్రామంలో ఉంటున్న ఫలానా అను నేను రాయునది. ఈ నెల ఫలానా తేదీ సాయంత్రం నుంచి నా ఆవు కనిపించడం లేదు. అది మీ దొడ్డిలో ఉన్నట్టు తెలిసింది. ఆనవాళ్లు: ఎర్రావు, నుదుట తెల్లచుక్క, ఎడమ కొమ్ము కిందికి వంగినది, చెవిపోగు నంబరు ఫలానా. బందె, మేత ఖర్చులు కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవును నాకు అప్పగించి, కట్టిన డబ్బుకు రశీదు ఇప్పించగలరు.’

డబ్బు కట్టాక పశువు ముట్టినట్టు రిజిస్టరులో మీరు సంతకం చేయాలి. దానికి ముందే పశువును ఒకసారి తడిమి చూడండి. కుంటుతోందా, ఒంటి మీద దెబ్బలున్నాయా, డొక్కలు లోపలికి పోయాయా? మేత, నీళ్లు పెట్టడం దొడ్డి నిర్వాహకుడి మీద చట్టం పెట్టిన బాధ్యత.

మీ పశువు ఎవరి చేలోనూ పడలేదు, పగతో పట్టించారు అనుకుందాం. చాలామంది ఇక్కడే తప్పుతోవ పడతారు. పైసా కట్టనని గేటు దగ్గర పంతానికి పోతారు, లేదంటే రాత్రివేళ తలుపు తీసి తోలుకుపోతారు. తోలుకుపోవడం నేరం. కట్టకుండా భీష్మిస్తే పశువును వేలం వేసే అధికారం చట్టం ప్రకారం అధికారులకుంది. దీనికి చట్టంలోనే దారి ఉంది: పట్టుకోవడం అక్రమమని, ఫిర్యాదు చేయబోతున్నానని చెప్పి, ఆ మొత్తాన్ని డిపాజిట్‌గా కట్టండి, పశువును అప్పగించాల్సిందే. పట్టుకున్న రోజు నుంచి పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పినా చెల్లుతుంది.

ఎవరూ రాకపోతే ఏడు రోజులు చూసి దొడ్డి నిర్వాహకుడు పోలీసు స్టేషన్‌కు తెలియజేస్తాడు. స్టేషన్‌లో నోటీసు అంటిస్తారు, పశువును పట్టిన ఊళ్లోనూ దగ్గరి సంతలోనూ దండోరా వేయిస్తారు. నోటీసు తేదీ నుంచి మరో ఏడు రోజులు గడిస్తే వేలంపాటే. ఆ పాటలో దొడ్డి నిర్వాహకుడు పశువును కొనకూడదు. వలస వెళ్లో, ఆసుపత్రిలో ఉండో మీకు ఆలస్యంగా తెలిస్తే అప్పుడైనా వెళ్లండి. బందె, ఖర్చులు పోగా మిగిలిన వేలం సొమ్మును మూడు నెలలపాటు డిపాజిట్‌లో ఉంచుతారు. పశువు మీదని రుజువు చేస్తే ఆ సొమ్ము మీకే వస్తుంది.

పట్టణాల్లో పశువులను పట్టేది మున్సిపాలిటీ సిబ్బంది. అక్కడి జరిమానా, గడువు వేరుగా ఉంటాయి కాబట్టి అదే రోజు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి మీ పశువును ఎక్కడికి తోలారో, ఎప్పటిలోగా విడిపించుకోవాలో అడిగి తెలుసుకోండి.