ఎగ్జాస్ట్ పైపుకి కారు కింద టాక్ మాత్రమే, ఫుల్ వెల్డింగ్ బల్ల మీద

ఇంటి దగ్గర ఎగ్జాస్ట్ పైపు చేసుకునేవాళ్లు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ఆక్సిజన్ సెన్సర్ విప్పి పక్కన పెట్టండి. పైపు ముక్కల్ని కారు కిందే అమర్చి, ఒక్కో జాయింటుకి మూడు నాలుగు చోట్ల టాక్ (ముక్కలు కదలకుండా పట్టే చిన్న చుక్క వెల్డ్) మాత్రం కొట్టండి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి బాడీకి తగలకుండా ఖాళీ కాస్త ఎక్కువే వదలాలి. తర్వాత కిందికి దించి బల్ల మీద పూర్తి వెల్డింగ్. ఫ్లాంజ్‌ని (పైపు చివర బోల్టులు పట్టే చదును పట్టీ) మందపాటి ప్లేటుకి బోల్టులతో బిగించి, ఎదురెదురు వైపుల కొంచెం కొంచెంగా వెల్డ్ చేయండి. ఒకేసారి చుట్టేస్తే వేడికి వంగిపోయి గాస్కెట్ (జాయింటు మధ్య సీలు) దగ్గర లీకవుతుంది.

304 స్టెయిన్‌లెస్ స్టీలు పైపు అయితే టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్), 308ఎల్ రకం రాడ్; పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపాలి. లేకపోతే లోపలి అంచు నల్లగా, గరుకుగా మాడి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

జింక్ పూత ఉన్న జీఐ పైపు జోలికి మాత్రం దయచేసి పోకండి, జింక్ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. ఇంకా ప్రమాదం క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్: దాంతో తుడిచి ఆర్క్ కొడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాలే పోవచ్చు. అసిటోన్‌తో తుడవండి, డబ్బా బయట పెట్టండి, పైపు పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టండి.