పెద్ద ఎత్తున కాఫీ, 4వ పాఠం: పోసిన నీళ్ళన్నీ కాఫీగా దిగవు

పోయిన పాఠంలో లీటరు నీళ్ళకు 60 గ్రాముల పొడి అని చెప్పి, ఇరవై మందికి సరిపడా చేసి చూడమన్నాను. చేసినవాళ్ళలో చాలామందికి కాఫీ తక్కువ పడింది. అందులో మీ పొరపాటు లేదు, నేనే లెక్క సగం చెప్పి ఆపేశాను. ఈసారి పొడి ఎంత బరకగా ఉండాలో మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఇది సర్దకపోతే అది బుర్రకెక్కదు.

ఏం జరిగిందో చూద్దాం. మనిషికి 150 మిల్లీలీటర్ల చొప్పున ఇరవై మందికి 3 లీటర్లు. అందుకని 3 లీటర్ల నీళ్ళు, 180 గ్రాముల పొడి తీసుకున్నారు. వడపోతలోంచి అంతా దిగాక కొలిస్తే 2.64 లీటర్ల దగ్గర ఆగింది. పదిహేడు కప్పులు నిండాయి, పద్దెనిమిదోది సగం పైన కాస్త. మిగతా 360 మిల్లీలీటర్లూ పిప్పిలోనే ఉన్నాయి. ఒక గ్రాము పొడి దాదాపు రెండు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. మీరెంత సేపు ఆగినా, ఎంత తట్టినా అది వదలదు. ఒక్కరి కోసం చేసుకున్నప్పుడూ ఇదే వంతు పోతుంది, కానీ కప్పులో ఒక గుక్క తగ్గితే ఎవరూ పట్టించుకోరు. ఇరవై మంది గుక్కలు కలిస్తే రెండు కప్పుల పైనే.

తక్కువ పడ్డాక మీరు చేసిన పనులు రెండు రకాలు. కొందరు దిగిన కాఫీలో వేడి నీళ్ళు కలిపి 3 లీటర్లు చేశారు. కొందరు అదే పిప్పి మీద ఇంకో గ్లాసున్నర నీళ్ళు పోశారు. మొదటిది కాస్త నయం. పొడిలో ఐదో వంతు, అంటే 36 గ్రాములు, నీళ్ళలోకి దిగిందనుకుందాం. 2.64 లీటర్లలో అది సుమారు 1.36 శాతం, 3 లీటర్లలో 1.2 శాతం. 1950ల్లో అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన పట్టికలో బాగున్న కాఫీకి 1.15 నుంచి 1.35 దాకా హద్దులు గీశారు. అంటే నీళ్ళు కలిపిన కాఫీ పలచబడింది గానీ చెడిపోలేదు. రెండోది మాత్రం చెయ్యకండి. ఇవ్వాల్సిన రుచి ముందే ఇచ్చేసిన పిప్పి నుంచి ఆఖరున వచ్చేది చేదు, వగరు. ఆ గ్లాసున్నర మీ మూడు లీటర్లనూ పాడు చేస్తుంది.

ఇక అసలు లెక్క. మనకు తెలిసింది దిగాల్సిన కాఫీ ఎంతో. పొయ్యాల్సిన నీళ్ళు ఎన్నో దాన్ని బట్టి వెనక్కి లెక్కించాలి. లీటరు నీళ్ళు పోస్తే 60 గ్రాముల పొడి 120 మిల్లీలీటర్లు పట్టేసుకుని 880 దింపుతుంది. కాబట్టి కావలసిన కాఫీని 0.88తో భాగిస్తే పొయ్యాల్సిన నీళ్ళు వస్తాయి. నేను ఇంత చెయ్యను. రెండు అంకెలు గుర్తుపెట్టుకున్నాను: 68, 1.14. దిగాల్సిన కాఫీ ఎన్ని లీటర్లో దాన్ని 68తో గుణిస్తే పొడి గ్రాముల్లో, 1.14తో గుణిస్తే నీళ్ళు లీటర్లలో. 3 లీటర్లకు 204 గ్రాములు, 3.42 లీటర్లు. 5 లీటర్లకు 340 గ్రాములు, 5.7 లీటర్లు. అంతే.

లీటరుకు 55 గ్రాములు, అటూ ఇటూ పది శాతం అన్నది కాఫీ వృత్తిలో ఎక్కువగా వినిపించే ప్రమాణం. నేను పై కొసన ఉన్న 60 పట్టుకోవడం నా ఇష్టం. 55 నచ్చితే అంకెలు 62, 1.12 అవుతాయి.

నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే కొలిచి, మూతపెట్టి కాచండి. మరిగే దగ్గరికొచ్చిన నీళ్ళు వ్యాకోచించి ఉంటాయి, లీటరు గుర్తు దాకా పోసినా బరువు 960 గ్రాముల చిల్లరే ఉంటుంది. ఆరు లీటర్లకు అది గ్లాసు పైన తేడా. మూత లేకుండా తెర్లుతూ వదిలేస్తే ఆవిరైపోయేది వేరే.

ఇప్పుడు చెంచాల సంగతి. మూడు పాఠాలుగా తూచమని చెబుతూనే ఉన్నాను, అయినా ‘కప్పుకు ఒక చెంచా, ఇరవై కప్పులకు ఇరవై చెంచాలు’ అనే లెక్క పోవడం లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే మంచి పొడి కొని, మంచి నీళ్ళు పట్టి, ఇంత శ్రమపడి, ఇక్కడ పోగొట్టుకుంటున్నారు. నిన్న నేను ఒకే కొలత చెంచాతో ఒకే డబ్బాలోంచి మూడుసార్లు తీసి కాటా మీద పెట్టాను. మామూలుగా ముంచి తీస్తే 10 గ్రాములు. డబ్బాను రెండుసార్లు నేలకు తట్టి తీస్తే 11 పైన. అంచు దాకా వేలితో చదును చేస్తే 9 కూడా రాలేదు. ఒక కప్పుకైతే గ్రాము తేడాను నాలుక క్షమిస్తుంది. ఇరవై చెంచాలూ అలాగే తీస్తే తేడా 20 గ్రాములు, 204లో దాదాపు పది శాతం. పైన చెప్పిన ప్రమాణం ఇచ్చే వెసులుబాటు మొత్తం అక్కడే అయిపోయింది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పద్నాలుగో చెంచానా పదిహేనోదా అన్న అనుమానం ఇంకొకటి.

పొడి మార్చినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. గింజ వేగేకొద్దీ ఉబ్బుతుంది, బరువు తగ్గుతుంది. అందుకే నల్లగా వేయించిన పొడి చెంచా నిండా ఉన్నా తక్కువ తూగుతుంది, లేతగా వేయించింది ఎక్కువ తూగుతుంది. బరకగా ఆడించినదానికీ మెత్తగా ఆడించినదానికీ చెంచాలో పట్టే బరువు వేరు. చెంచా చెప్పేది అది ఎంత చోటు ఆక్రమించిందో మాత్రమే. నీళ్ళకు కావలసింది బరువు. కాఫీ మెషిన్ జగ్గు మీద ఉండే ‘12 కప్పులు’ గుర్తును కూడా నమ్మకండి. చాలా వాటిలో ఆ కప్పు 125 మిల్లీలీటర్లో, 150 మిల్లీలీటర్లో. మీ కప్పు 200 పడితే పన్నెండు మందికి లెక్క తప్పుతుంది. వంటింటి డిజిటల్ కాటా ఒకటి చాలు, గ్రాము దాకా చూపిస్తే మరీ మంచిది.

పాళ్ళు సరిగ్గా తూచినా చేదొచ్చిందన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మర్నాడు పొడి తగ్గించారు, కాఫీ చేదుగానే ఉండి పైగా పలచబడింది. అక్కడ తప్పు పాళ్ళది కాదు. నిటారు గోడలున్న వడపోత గిన్నెలో 60 గ్రాములు రెండు సెంటీమీటర్ల మందాన పరుచుకుంటే, 204 గ్రాములు ఏడు దాకా లేస్తుంది. నీళ్ళు అంత మందం దాటి రావడానికి చాలా సేపు పడుతుంది, ఆ సేపంతా పొడిలోని సారం నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది. లీటరుకు ఐదు నిమిషాల్లో దిగినది పెద్ద మోతాదులో పది దాటితే చేదు ఖాయం. పొడి బరువు ముట్టుకోకండి, ఇంకాస్త బరకగా ఆడించండి. పొడి మందం ఐదు సెంటీమీటర్లు మించుతుంటే నేను ఇంకేం ఆలోచించను, రెండు విడతలుగా చేసి ఒకే ఫ్లాస్కులో కలిపేస్తాను. పెద్ద గిన్నెలో కొంచెమే చేస్తే దీనికి తలకిందులు: పొర పలచగా ఉండి నీళ్ళు గబగబా జారిపోతాయి, పులుపు తేలుతుంది. అప్పుడు మెత్తగా ఆడించాలి.

అభ్యాసం ఈసారి కాస్త బరువే, ఒక సెలవు రోజు దానికి కేటాయించండి. ఒకే పొడి, ఒకే గిన్నె. పొద్దున 1 లీటరు నీళ్ళు 60 గ్రాములకు, మధ్యాహ్నం 2 లీటర్లు 120 గ్రాములకు, సాయంత్రం 3 లీటర్లు 180 గ్రాములకు. ప్రతిసారీ ఖాళీ పాత్రను ముందే తూచి పెట్టుకుని, దిగిన కాఫీ బరువు, పట్టిన నిమిషాలు రాయండి. చుక్కలు కారడం ఆగాక మరో రెండు నిమిషాలు చూసి తూచండి. పోసిన నీళ్ళ బరువులోంచి దిగిన కాఫీ బరువు తీసేసి, పొడి బరువుతో భాగించండి. నాకు వచ్చేది 2కు అటూ ఇటూగా ఉంటుంది. మీ వడపోత గుడ్డదైతే, పొడి మెత్తదైతే వేరేగా రావచ్చు. మూడుసార్లు వచ్చినవాటి సగటు మీ అంకె. అది 2.3 అయితే లీటరుకు 138 మిల్లీలీటర్లు పిప్పికి పోతున్నట్టు, మీరు 0.88కి బదులు 0.862తో భాగించాలి. ఆ అంకెతోనే ఇరవై మంది కాఫీ మళ్ళీ ఒకసారి చెయ్యండి. నిమిషాలు రాసిన కాగితం పారెయ్యకండి, ఎంత బరకగా ఆడించాలో వచ్చే పాఠంలో దాన్ని చూసే తేల్చుకుంటాం.