ఉగ్రవాద కేసులో అరెస్టు వార్త దిద్దేటప్పుడు

రాత్రి పదిన్నరకు పోలీసుల ప్రెస్‌నోట్ వస్తుంది. సిటీ ఎడిషన్‌కు గంట కూడా టైం ఉండదు. మొదటి వాక్యంలోనే పేరు, తండ్రి పేరు, బస్తీ, చదువుకున్న మదర్సా ఉంటాయి. ఏం చేశాడన్నది ఏ మూడో పేరాలోనో కనిపిస్తుంది. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే: నోట్‌ను కింది నుంచి పైకి చదవండి. ఫలానా రోజు, ఫలానా చోట, ఈ పని చేశాడు అన్న మాటలన్నిటి కిందా ఎర్ర పెన్నుతో గీత గీయండి. గీత పడకుండా ఎంత మిగిలిందో చూడండి. మిగిలిందంతా అతనెవరన్నదే. వార్త గీత పడ్డ మాటలతోనే మొదలవ్వాలి.

ఉగ్రవాద కేసులు పెట్టే ఉపా చట్టం (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) సెక్షన్ 15 ఒకసారి చదవండి. ఉగ్రవాద చర్య అంటే ఏ పని, ఏ ఉద్దేశంతో అన్నదే అందులో ఉంటుంది. మతం, కులం, ఊరు ఏవీ లేవు. వాటిని కలిపేది ప్రెస్‌నోట్, సభలో మాట్లాడే నాయకుడు, మన హెడ్డింగ్.

ఆ తప్పు నేనూ చేశాను. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 40 మందికి పైగా చనిపోయారు. ఊరంతా భయంతో ఉంది. ఆ రోజుల్లోనే ఒక కుర్రాణ్ని పట్టుకున్నారని నోట్ వస్తే, ‘చిక్కిన ఉగ్రవాది’ అని నాలుగు కాలాల హెడ్డింగ్ పెట్టాను. కొన్నేళ్ల తర్వాత కోర్టు అతణ్ని నిర్దోషి అంది. ఆ వార్తను లోపలి పేజీలో సింగిల్ కాలంలో వేశాం. వాళ్లమ్మ పాత కటింగ్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. “బేటా, అప్పుడెంత పెద్దగా వేశారో ఇప్పుడూ అంతే వేయండి” అంది. జాగా లేదని చెప్పి పంపేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

‘ఉగ్రవాది’ అన్న మాట కోర్టు శిక్ష వేశాకే రాయండి. ఉపాకు 2019లో చేసిన సవరణతో, విచారణ లేకుండానే ఒక వ్యక్తిని ఉగ్రవాదిగా ఆ చట్టం నాలుగో షెడ్యూల్లో చేర్చే అధికారం కేంద్రానికి వచ్చింది. అలాంటి వారిని ‘కేంద్రం ఉగ్రవాదిగా ప్రకటించిన’ అనాలి. మిగతా అందరూ నిందితులే.

ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చే ఐటెంలలో ‘మావోయిస్టు సానుభూతిపరుడు’ అని ఉంటుంది. పక్కన ఒక ఆదివాసీ పేరు. అక్కడ ఆగి స్ట్రింగర్‌కు, అంటే ఆ ఊళ్లో మనకు వార్తలు పంపే విలేకరికి, ఫోన్ చేయండి. బియ్యం ఇచ్చాడంటున్నారా? ఇష్టపడి ఇచ్చాడా, తుపాకీ చూసి ఇచ్చాడా? నిషేధిత సంస్థలో సభ్యత్వం నేరమే. కానీ ఆ సంస్థ పనులను ముందుకు తీసుకెళ్లే ఉద్దేశం లేకుండా ఉత్త సానుభూతి మాత్రమే ఉంటే నేరం కాదని 2021లో కేరళ విద్యార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మతం పేరుతో తయారైన ముద్రలు ఎవరి నోటి నుంచి వచ్చాయో వారి పేరుతోనే, కోట్‌లోనే వేయండి. మక్కా మసీదు కేసు చూడండి. 2007 మే 18, శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు. ముందు పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. తర్వాత సీబీఐ, ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) హిందూ సంస్థలతో సంబంధం ఉందన్న వాళ్లపై కేసు నడిపాయి. ‘ఇస్లామిక్ ఉగ్రవాదం’, ‘కాషాయ ఉగ్రవాదం’ అన్న రెండు మాటలూ రాజకీయ సభల్లో బాగా పనికొచ్చాయి. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులంది. బాంబు పెట్టిందెవరన్న ప్రశ్న ఆ 9 కుటుంబాలకు అలాగే మిగిలింది.

పేజీ పంపే ముందు నిందితుడి ఇంటికో, లాయరుకో ఒక్క ఫోన్ చేయించండి. ఎప్పుడు తీసుకెళ్లారని అడగండి. నోట్‌లో శుక్రవారం అని ఉంటే ఇంట్లోవాళ్లు మంగళవారం అనొచ్చు. రెండు తేదీలూ వేయండి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలన్న నియమం ఆ తేదీ మీదే ఆధారపడుతుంది. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా అన్నదీ అడగండి. ఉపా కేసుల్లోనూ అలా ఇవ్వాల్సిందేనని 2024 మే 15న సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఫాలోఅప్. ఉపాలో ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. చార్జిషీటుకు ఉన్న 90 రోజుల గడువును కోర్టు 180 రోజుల దాకా పెంచొచ్చు. అంటే ఏళ్ల తరబడి జనం చదివేది మన మొదటి వార్తే. అందుకే నేనొక రిజిస్టర్ పెట్టుకున్నాను. కేసు నంబరు, స్టేషను, 90వ రోజు, 180వ రోజు, అప్పటి పేజీ నంబరు, హెడ్డింగ్ ఎన్ని కాలాలన్నది. నిర్దోషి అని తీర్పొస్తే అదే పేజీలో, అన్నే కాలాల్లో వేయమని ఇన్‌చార్జితో గొడవైనా పడండి. వెబ్‌సైట్‌లో పాత వార్త పైన తీర్పు తేదీ, కోర్టు పేరు చేర్పించండి. అతను ఉద్యోగానికో, అద్దె ఇంటికో వెళ్లినప్పుడు అవతలివాళ్లు ఫోన్‌లో ముందు వెతికేది ఆ పాత వార్తనే.